ఏడీహెచ్‌డీ ఉన్న అమ్మలు ఇల్లూ పిల్లలూ ఎలా చూసుకుంటున్నారు?

ఇద్దరి_అమ్మ, హైదరాబాద్
అందరికీ నమస్తే. మా బాబు రెండో తరగతి. వాడికి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అని తేలాక డాక్టర్ గారు నా చిన్నప్పటి సంగతులు కూడా అడిగారు. ఆ తర్వాత పరీక్షలు చేసి నాకూ అదే అన్నారు. ఇన్నేళ్లూ అందరూ నన్ను పరాకు మనిషి అనే అన్నారు, నేనూ అదే నమ్మాను.

ఆఫీసు పని నెట్టుకొస్తున్నా. ఇంట్లోనే కష్టంగా ఉంది. పొద్దున 7 నుంచి 8 లోపు టిఫిన్, బాక్సులు, వాడి బెల్టు, పాప పాలసీసా, కింద వ్యాన్ హారన్. ఒక పని చేస్తుండగా ఇంకోటి కంటపడితే మొదటిది అక్కడే ఆగిపోతుంది. స్కూల్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి "రేపు పసుపు రంగు డ్రెస్" అని మెసేజ్ వస్తే ఇక నిద్ర పట్టదు. ఇలాంటి వాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి. లిస్టు రాసుకోమని మాత్రం చెప్పొద్దు ప్లీజ్. రాస్తాను, దాన్ని చూడాలన్నదే గుర్తుండదు.

ఉమ_కాకినాడ
లిస్టు నాకూ పనిచేయలేదండీ. కంటికి కనపడనిది నాకు లేనట్టే, అందుకే అన్నీ కళ్లెదుటే పెట్టేశాను. గుమ్మం పక్కన పిల్లలకు అందే ఎత్తులో కొక్కేలు కొట్టించాను. స్కూల్ నుంచి రాగానే బ్యాగు, ఐడీ కార్డు, బెల్టు అక్కడే తగిలించాలి. ఉతికిన సాక్సులు బీరువాలోకి వెళ్లవు, బూట్లలోకే. ఫ్రిజ్‌లో కూరగాయలు కింద సొరుగులో పెడితే కుళ్లాకే బయటపడతాయి. అందుకని అవి పై అరలో, పచ్చళ్లు సొరుగులో.

కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం మానేశాను. టైమర్ ఉన్న ఇండక్షన్ స్టవ్ కొన్నాం, టైమ్ అయిపోగానే దానంతట అదే ఆగిపోతుంది. గ్యాస్ మీద ఏదైనా ఉన్నంతసేపూ వంటింటి గడప దాటను.

అన్నిటికన్నా ముఖ్యమైనది జ్వరం మందు. పిల్లలకు పారాసిటమాల్ వేశానా లేదా అన్న అనుమానం మనలాంటి వాళ్లకు మామూలే. రెండుసార్లు పడితే మాత్రం ప్రమాదం. సీసాకు తెల్ల టేపు అంటించి, వేసిన వెంటనే టైము, ఎంత వేశానో దానిమీదే రాస్తాను. పెన్ను రబ్బరు బ్యాండుతో సీసాకే కట్టి ఉంటుంది. రాయలేదేమోనని అనుమానం వస్తే ఇంకో డోసు వేయను, డాక్టర్‌కు ఫోన్ చేస్తాను.

రవి_నిజామాబాద్
భర్తగా రాస్తున్నా. మా ఇంట్లో "చెప్తే చేస్తా కదా" అనే మాట తీసేశాం. ఎప్పుడు ఏం చెప్పాలో గుర్తుపెట్టుకోవడమే మా ఆవిడకు అన్నిటికన్నా పెద్ద పని. నేను చేసే పని కూడా ఆమె తలలోనే ఉంటే ఇక నేను పంచుకున్నదేముంది? అందుకే టీకాలు, ఫీజులు, వ్యాన్ డ్రైవర్, స్కూల్ గ్రూపు మొత్తం నా బాధ్యత. గ్రూపులో ఉన్నది నా నంబరే. మొదట్లో టీచర్లు అలవాటుగా ఆమెకే ఫోన్ చేసేవారు. నేను స్కూల్‌కు వెళ్లి, నాకే చేయమని అడిగాను. ఇప్పుడు నాకే చేస్తున్నారు.

వాణి_డాలస్
రవి గారూ, ఇది మా ఆయనకు చదివి వినిపిస్తాను. మందు వాడుతున్న వాళ్లకు ఒక మాట. నేను పొద్దున వేసుకునే మాత్ర పనిచేసేది సాయంత్రం అయిదు దాకానే. సరిగ్గా అప్పుడే పిల్లలు డేకేర్ నుంచి వస్తారు. చిరాకు, అరుపులు అన్నీ ఆ రెండు గంటల్లోనే. డాక్టర్‌తో ఈ టైము సంగతి విడిగా మాట్లాడితే మార్చి ఇచ్చారు. హోమ్‌వర్క్ మా ఆయన చేయిస్తారు, స్నానాలు, కథలు నావి. ఇండియాకు తిరిగి వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి, ఇక్కడ వాడే యాంఫెటమిన్ రకం మందులు అక్కడ షాపుల్లో దొరకవు. బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి.

మందులకొట్టు_విశాఖ
నేను ఫార్మసిస్టుని, పాపకు అమ్మని. ఇండియాలో ఏడీహెచ్‌డీకి ఎక్కువగా రాసేవి మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న జాబితాలోది. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, అందులో ఒకటి షాపు వాళ్లు 2 ఏళ్లు దాచాలి. దానికి విడిగా లైసెన్స్ లేని షాపులు అమ్మకూడదు, అందుకే వీధి చివరి షాపులో అడిగితే లేదంటారు. 2020 టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం దీన్ని వీడియో కాల్‌లో రాయకూడదు, స్వయంగా వెళ్లాల్సిందే. మరచిపోయే మనిషికి ఇంత తిరుగుడు పెట్టారని నాకు నిజంగా బాధ. క్లినిక్ నుంచి బయటికొచ్చే ముందే తర్వాతి తేదీ ఖాయం చేసుకోండి.

అటమాక్సెటిన్‌కు ఈ చిక్కు లేదు, కానీ గుణం కనపడడానికి వారాలు పడుతుంది. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా సొంతంగా ఆపొద్దు, మొదలుపెట్టొద్దు. డాక్టర్ దాకా వెళ్లడానికి జంకేవాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

శారదక్క_కర్నూలు
నాకు నలభై ఎనిమిది. నెలసరికి ముందు వారం మతిమరుపు, కోపం రెట్టింపవుతున్నాయా, గమనించండమ్మా. ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గినప్పుడు, మెదడులో శ్రద్ధకు తోడ్పడే డోపమిన్ అనే రసాయనం మీదా ప్రభావం పడుతుందట. కాన్పు తర్వాత, నెలసరి ఆగిపోయే వయసులో కూడా చాలామందికి ఇదే తంతు. నాకున్నది ఏడీహెచ్‌డీ అని తెలిసింది ఈ వయసులోనే. పన్నెండేళ్లలోపే లక్షణాలు ఉన్నాయా అని డాక్టర్లు చూస్తారు, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్లండి. నా కార్డుల్లో ప్రతి ఏడాదీ "తెలివైనదే కానీ శ్రద్ధ లేదు" అని రాసి ఉంది. గోల చేసే మగపిల్లల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లని ఎవరూ పట్టించుకోరు.

ఇద్దరి_అమ్మ, హైదరాబాద్
చదువుతుంటే ఏడుపొచ్చింది. ఇంకో సంగతి. "నీ నుంచే వాడికి వచ్చింది" అని మా అత్తగారు అంటున్నారు. ఏమనాలో తెలియడం లేదు.

శారదక్క_కర్నూలు
నిజమే అను చెల్లీ. ఇది బాగా వంశపారంపర్యం, ఎత్తు, రంగు వచ్చినట్టే వస్తుంది. ఇందులో నీ తప్పేం లేదు. ఇంకో మాట కూడా చెప్పు. బూటు ఎక్కడుందో మరచిపోయి నిలబడ్డ పిల్లాడి లోపల ఏం జరుగుతోందో ఆ ఇంట్లో తెలిసింది నీకొక్కదానికే. నన్ను మా అమ్మ కొట్టింది. నువ్వు వాడి పక్కన కూర్చుని వెతుకుతున్నావు.

ఇద్దరి_అమ్మ, హైదరాబాద్
థాంక్స్ అక్కా. రవి గారి పోస్టు మా ఆయన చదివారు, స్కూల్ గ్రూపులో నా బదులు తన నంబరు ఇస్తానన్నారు. ఉమ గారూ, ఇండక్షన్ మీద పప్పుకు టైమర్ ఎంత పెడతారు?

ఉమ_కాకినాడ
అరగంట నానిన కందిపప్పుకు, మా 3 లీటర్ల కుక్కర్‌లో 12 నిమిషాలు. ఆవిరి దానంతట అది దిగాకే మూత తీయండి. కుక్కర్ కొనేటప్పుడు ఇండక్షన్ బేస్ ఉన్నదో లేదో చూసుకోండి, మామూలు అల్యూమినియం కుక్కర్ దానిమీద వేడెక్కదు.