టిఫిన్ సెంటర్‌లో కీమ్‌గావర్ నోట్లు తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారమండీ. జర్మనీలో రోజెన్‌హైమ్ దగ్గర మేమిద్దరం చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. ఈ ప్రాంతంలో 2003 నుంచి కీమ్‌గావర్ అనే స్థానిక కరెన్సీ ఉంది. ప్రీన్ అనే ఊళ్లో ఓ స్కూలు టీచరు, పిల్లలు కలిసి మొదలుపెట్టారు. ఒక కీమ్‌గావర్ అంటే ఒక యూరో. దాచుకుంటే విలువ తరుగుతుంది కాబట్టి చేతులు మారుతూ ఇక్కడే తిరుగుతుంది. షాపువాళ్లు యూరోలుగా మార్చుకుంటే 5 శాతం కోత. అంటే నూరు మారిస్తే ఐదు పోతాయి, ఆ ఐదులో మూడు స్థానిక సేవా సంఘాలకు వెళ్తాయి.

మొన్న రోజూ వచ్చే పెద్దావిడ దోసె తిని, పర్సులోంచి ఆ నోటు తీసి "ఇది తీసుకుంటారా?" అని అడిగింది. లేదనడానికి మనసొప్పలేదు. మమ్మల్నీ ఊళ్లోవాళ్లలా చూసి అడిగినట్టు అనిపించింది.

చిక్కంతా సరుకుతోనే. పాలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చే రైతు కీమ్‌గావర్ తీసుకుంటాడు. మినప్పప్పు, ఇడ్లీరవ్వ మాత్రం మ్యూనిక్ హోల్‌సేల్‌లో యూరోలకే. మాకు మిగిలేదే తక్కువ, అందులో 5 శాతమంటే టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి కరెన్సీ తీసుకునే వ్యాపారులెవరైనా ఉన్నారా? వచ్చినదాంట్లో ఎంత స్థానికంగానే ఖర్చుపెట్టగలిగారు? కొత్త గిరాకీ నిజంగా పెరిగిందా? పన్ను లెక్కలు ఎలా రాస్తున్నారు? దయచేసి చెప్పండి.