అండర్‌స్టాండ్, రియలైజ్, గ్రాస్ప్, కాంప్రహెండ్... అన్నిటికీ 'అర్థం చేసుకొను' అనే ఇస్తే ఎలాగండీ?

డిక్షనరీ_బాధితుడు:
అందరికీ నమస్తే. మొన్న ఆఫీస్ చాట్‌లో మా లీడ్ ఓ జోక్ పెట్టారు, సరే కాస్త స్టైల్‌గా ఉంటుందని నేను "ఐ కాంప్రహెండెడ్ యువర్ జోక్" అని కొట్టా. ఆయన జోక్‌కి రాని నవ్వులు దీనికొచ్చాయి. గ్రామర్ తప్పా అంటే కాదట, మరేంటయ్యా అంటే "అలా అనరు" అంటారు, ఎందుకనరో మాత్రం ఒక్కడూ చెప్పడు. డిక్షనరీ తీస్తే నాలుగింటికీ ఒకటే అర్థం. ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందో తెలిసేదెలా? లిస్టు బట్టీ పట్టమనకండి ప్లీజ్, నా వల్ల కాదు.

ఎర్ర_పెన్ను:
అర్థం ఒకటే అనుకున్నారు చూడండి, అక్కడే తేడా కొట్టింది. రియలైజ్ అంటే అర్థం చేసుకోవడం కాదు, 'తట్టడం'. అప్పటిదాకా బుర్రలో లేని విషయం టక్కున తగలడం. అందుకే దాని పక్కన సడన్లీ ఎక్కువ కనిపిస్తుంది. దాని వెనక కూడా ఎక్కువగా ఓ పూర్తి వాక్యమే వస్తుంది, "ఐ రియలైజ్డ్ దట్ ఐ హాడ్ లెఫ్ట్ మై ఫోన్ ఎట్ హోమ్" లాగా. ఎవరో కాల్‌లో ఉండగా మీరు వెళ్లి కదిలించారనుకోండి, "సారీ, ఐ డిడ్‌న్ట్ రియలైజ్ యు వర్ ఆన్ ఎ కాల్" అనాలి, అక్కడ అండర్‌స్టాండ్ పెడితే వాక్యం చచ్చిపోతుంది. ఉత్త నామవాచకాలు దీనికి పెద్దగా పడవు, మిస్టేక్, ఇంపార్టెన్స్, డేంజర్ లాంటివి కొన్ని పడతాయి. "ఐ రియలైజ్డ్ ద లెసన్" అని మా స్టూడెంట్స్ రాస్తుంటారు, కొట్టేసి కొట్టేసి నా ఎర్ర పెన్నే అయిపోయింది. (రియలైజ్ ఎ డ్రీమ్ అంటే కల అర్థమవడం కాదు, నెరవేరడం. అది వేరే లెక్క, ఇక్కడ కలపకండి.)

గ్రాస్ప్‌కి కాస్త బరువున్న విషయం కావాలి, కాన్సెప్ట్, సిగ్నిఫికెన్స్, ఐడియా, సిచ్యుయేషన్. మనిషిని అండర్‌స్టాండ్ చేసుకోవచ్చు గానీ ఈ అర్థంలో గ్రాస్ప్ చెయ్యలేం, "ఐ గ్రాస్ప్ యూ" అంటే చెయ్యి పట్టుకున్నారేమో అనుకుంటారు. ఇక కాంప్రహెండ్ మరీ గంభీరం, పైగా అది ఎక్కువగా 'కాలేదు, లేకపోతున్నాను' అనే చోటే తిరుగుతుంది, "ఐ కాంట్ కాంప్రహెండ్ వై హీ డిడ్ ఇట్" అన్నట్టు. మీరు దాన్ని తీసుకెళ్లి జోక్ పక్కన కూర్చోబెట్టారు. జోక్‌కి గెట్ చాలు, "ఐ గాట్ ద జోక్", అంతే. పాయింట్, మెసేజ్ కూడా గెట్‌తో హాయిగా పోతాయి.

రెండు_ముక్కలు:
ఎర్ర పెన్ను గారు బాగా చెప్పారు, ముందొచ్చే మాటల గురించి నాదో ముక్క. ఫుల్లీ అనేది అండర్‌స్టాండ్, రియలైజ్, గ్రాస్ప్, కాంప్రహెండ్ నాలుగింటికీ పడుతుంది కాబట్టి డౌట్ వస్తే అదే వేసెయ్ బ్రో. పర్‌ఫెక్ట్లీ మాత్రం అండర్‌స్టాండ్ మనిషి, "పర్‌ఫెక్ట్లీ రియలైజ్డ్ మై మిస్టేక్" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. "స్ట్రాంగ్లీ అండర్‌స్టాండ్" మాత్రం ఎక్కడా రాయకు, బిలీవ్‌కి, సపోర్ట్‌కి పెట్టే స్ట్రాంగ్లీని తెచ్చి ఇక్కడ తగిలించేవాళ్లని చూశా.

అర్ధరాత్రి_వ్యాకరణం:
అందరూ ఇంగ్లిష్ వైపు నుంచే చూస్తున్నారు గానీ ఒకసారి తెలుగులో చూడండి. "మీ జోక్ ఆకళింపు చేసుకున్నాను" అనండి ఎవరితోనైనా. నవ్వొచ్చిందా? మీ లీడ్‌కి వినిపించింది అదే! ఆకళింపు చేసుకోవడం అనే మాటకి శాస్త్రమో సిద్ధాంతమో కావాలి. లెక్క తలకెక్కుతుంది, విషయం బోధపడుతుంది, మనిషి అర్థం కాడు, ఇవి మనకెవరూ నేర్పలేదు, వింటూ వింటూ వచ్చేశాయి. ఇంకో సరదా ఏంటంటే గ్రహించడం అనేది సంస్కృతంలో పట్టుకోవడం అనే ధాతువు నుంచే వచ్చింది, గ్రాస్ప్ అన్నా చేత్తో పట్టుకోవడమే, కాంప్రహెండ్ లాటిన్ మూలం కూడా పట్టుకోవడమే. మూడూ పట్టుకోవడాలే, అయినా మూడూ ఒకేచోట ఒదగవు.

అసలు చిక్కు ఇంకోటుంది. మనం "నాకు అర్థమైంది" అంటాం, అంటే జరిగే పని విషయానిది, మనం పక్కన 'నాకు' అని నిలబడతాం. ఇంగ్లిష్‌లో మనిషే కర్త. అందుకే మొదట్లో "ఇట్ అండర్‌స్టుడ్ టు మీ" అని నోరు జారుతుంది. "అర్థమవుతోంది" కూడా అలాగే "ఐ యామ్ అండర్‌స్టాండింగ్" అయిపోతుంది, మామూలుగా అయితే "ఐ అండర్‌స్టాండ్" సరిపోతుంది.

బట్టీ వద్దన్నారు కదా, కోకా అని అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్ (జనం నిజంగా రాసిన, మాట్లాడిన భాషని పోగేసి వెతుక్కునేలా పెట్టిన భాండాగారం) ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది, 1990 నుంచి 2019 దాకా పోగేసిన 100 కోట్ల పైచిలుకు మాటలు. అందులో గ్రాస్ప్ కొట్టి వెనక ఏ నామవాచకాలు ఎక్కువొచ్చాయో చూడండి. మాట సంగతి దాని పక్కనుండే మాటల్ని బట్టి తెలుస్తుందని ఫర్త్ అనే భాషావేత్త 1957లోనే అన్నాడు, ఇది ఆ పనే.

డిక్షనరీ_బాధితుడు:
ఆకళింపు దెబ్బకి దిమ్మ తిరిగింది అన్నా, ఇప్పుడు ఎక్కింది. ఇంకొక్కటి, కాల్‌లో ఎవరైనా గబగబా చెప్పేస్తే "ఐ డిడ్‌న్ట్ అండర్‌స్టాండ్" అంటుంటా, వాళ్లు మళ్లీ మొదట్నుంచీ నెమ్మదిగా పాఠం చెప్తున్నారు, నాకు కావాల్సింది ఆ ఒక్క పేరు.

ఎర్ర_పెన్ను:
ఎందుకంటే మీరు బుర్రకెక్కలేదని చెప్తున్నారు, నిజానికి మీకు చెవిన పడలేదు. చెవిన పడకపోతే క్యాచ్, "సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ ద నేమ్". వాదన మధ్యలో దారి తప్పితే ఫాలో, "ఐ డోంట్ ఫాలో". లైన్‌లో గరగర వల్ల మాటలే తెలియకపోయినా, చేతిరాత గజిబిజిగా ఉన్నా మేకౌట్. కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చుకుంటే ఫిగరౌట్, దాని వెనక హౌ, వై, వాట్ లాంటివి బాగా వస్తాయి.

డిక్షనరీ_బాధితుడు:
సరే ఇప్పుడే లీడ్‌కి పెట్టా: "ఐ ఫైనల్లీ ఫిగర్డ్ అవుట్ వై ఎవ్రీవన్ లాఫ్డ్. ఐ ఫుల్లీ రియలైజ్డ్ యువర్ జోక్ నౌ."

రెండు_ముక్కలు:
మొదటి వాక్యం సూపర్ బ్రో. రెండోది ఎవరూ చూడకముందే డిలీట్ కొట్టు.