తుప్పు తిన్న అల్యూమినియం పడవ: బాగు చేయించాలా, స్క్రాప్‌కి వేయాలా?

శామీర్‌పేట దగ్గర షెడ్డులో నాన్నగారి 12 అడుగుల పడవ ఉంది. అడుగున తెల్ల పొడి, స్టీల్ బోల్టుల చుట్టూ గుంటలు, ఒకచోట సూది దూరేంత చిల్లు. తూకానికి అమ్మాలంటే మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు 1: తొందరపడకండి. ముందు లోపలి ప్లైవుడ్ ఊడదీయండి, పడవ తేలడానికి నింపే ఫోమ్ తడిసి ఉంటే దాని కిందే అసలు నష్టం దాగి ఉంటుంది. పొడి గీకేసి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి చూడండి, రేకు లోపలికి పోతుంటే ఆ భాగం అయిపోయినట్టే. అలాంటివి అడుగంతా ఉంటే స్క్రాపే, ఒకటి రెండు చోట్లయితే ప్యాచ్ వేయించొచ్చు.

జవాబు 2: బాలానగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ (అల్యూమినియం అతికే వెల్డింగ్) వాళ్లకి చూపించండి. పలచబడ్డ రేకు వేడికి ఇంకా చిల్లులు పడుతుంది, అలాంటి చోట రివెట్లు, సీలెంట్ మేలు.

జవాబు 3: బోల్టుల సంగతి మర్చిపోకండి అన్నా, స్టీలు తగిలినచోట తడి చేరితే తినేసేది అల్యూమినియాన్నే. నైలాన్ వాషర్లు వేయండి. రాగి కలిసిన పెయింట్ మాత్రం అస్సలు వద్దు, రాగి కూడా అలాగే అల్యూమినియాన్ని తినేస్తుంది.