బ్యాటరీ చైన్ రంపానికి కూడా ఇయర్ మఫ్ కావాలా? నాన్న వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

కదిరి_కుర్రాడు, మారతహళ్లి

అందరికీ నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. నాన్న చాలా ఏళ్లుగా బెంగళూరులో చెట్లు కొట్టే కాంట్రాక్టు చేస్తున్నాడు. ఎక్కువగా హొసకోటె, మాలూరు వైపు నీలగిరి తోపులు. వానలు మొదలవగానే అపార్ట్‌మెంట్లలో కొమ్మలు కొట్టే పని. బిల్లులు, జీఎస్టీ, ఫోన్లు నేను చూసుకుంటా. రంపం పట్టేది నాన్న, మా ఊరివాళ్లే ఇంకో ఇద్దరు.

పెట్రోల్ మెషిన్ మోత, పొగ వద్దని అపార్ట్‌మెంట్ కమిటీలు గోల పెడుతున్నాయని పోయినేడాది బ్యాటరీ రంపాలు కొన్నాం. అప్పట్నుంచి ఇయర్ మఫ్‌లు షెడ్డులో మేకుకి వేలాడుతున్నాయి. ఏమైనా అంటే నాన్న "ఇంజనే లేదు కదరా, సద్దెక్కడిది?" అంటాడు. షాపతను కూడా "సైలెంట్ మెషిన్ సార్" అనే అమ్మాడు.

ఇప్పుడు సంగతేంటంటే, చలికాలం నుంచి నాన్న పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి. రాత్రి చెయ్యి విదిలించుకుంటూ లేస్తాడు. జనవరిలో తెల్లారకముందే ఎక్సెల్ బండి మీద హొసకోటె వెళ్లి దిగేసరికి ఆ రెండు వేళ్ల కొనలు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయట. చంకలో పెట్టుకుంటే కాసేపటికి ఎర్రబడి మంట పెట్టాయని చెప్పాడు. వయసు 54, షుగర్ లేదు. ఇంట్లో టీవీ సౌండ్ గురించి చెప్పక్కర్లేదు, కింది ఫ్లోర్ వాళ్లకి కూడా సీరియల్ కథ తెలుసు.

బ్యాటరీ రంపంతో కూడా చెవులకి, చేతులకి ఇబ్బంది ఉంటుందా, లేక ఇదంతా పాత పెట్రోల్ మెషిన్ల పుణ్యమేనా? మాన్యువల్‌లో ఎల్‌పీఏ 92, ఎల్‌డబ్ల్యూఏ 103, వైబ్రేషన్ 3.4 అని ఉంది. వీటిని ఎలా చదవాలి?

పీణ్య_సేఫ్టీ

తమ్ముడూ, పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను. శబ్దం కొలవడం నా రోజువారీ పని కాబట్టి ముందు నీ అంకెల సంగతి.

ఎల్‌డబ్ల్యూఏ అంటే మెషిన్ మొత్తంగా బయటికి వదిలే శబ్దం. చెవి దగ్గరికి చేరేది ఎల్‌పీఏ. నువ్వు చూడాల్సింది ఆ 92నే. పెట్రోల్ రంపం చెవి దగ్గర 100 దాటడం మామూలే, కాబట్టి బ్యాటరీది మేలే, కాదనను. కానీ తగ్గింది ఇంజన్ మోత. బార్ మీద పరిగెత్తే చైన్, కట్టెని కొరికే పళ్లు అవే కదా. ట్రిగ్గర్ వదలగానే నిశ్శబ్దమైపోతుంది, అందుకే మెషిన్ మొత్తంగా మెత్తనిదనిపిస్తుంది.

అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. నీ 92కి గంటన్నర చిల్లర. మన ఫ్యాక్టరీ రూల్స్‌లో 90కి 8 గంటలు, ప్రతి 5కి సగం. ఆ లెక్కన అదే 92కి ఆరు గంటలొస్తుంది. చెవి ఒకటే, లెక్కలు రెండు. నేనైతే మొదటిదే నమ్ముతా, మా నాన్నైనా ఆయనకీ అదే చెబుతా. మేకుకి వేలాడుతున్న మఫ్‌లు రేపే కిందికి దించు.

ఇక చేతులు. యూరప్‌లో 2002 నాటి నిబంధన ఉంది. 8 గంటల పనిదినానికి చేతికెక్కే వైబ్రేషన్ సగటున 2.5 (నీ 3.4 లాగే m/s² కొలతలో) దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. నీ మెషిన్ 3.4 అంటే, ట్రిగ్గర్ నొక్కి ఉన్న టైము నాలుగుంపావు గంటలైతే ఆ 2.5 వచ్చేస్తుంది. పక్కనే కే అని 1.5 లాంటి చిన్న అంకె ఉంటుంది చూడు, అది కొలతలో అటూ ఇటూ అయ్యే తేడా. అది కలిపితే 4.9, టైము రెండు గంటలకి పడిపోతుంది. ఇక్కడ సగం సగం కాదు, వైబ్రేషన్ రెట్టింపైతే టైము నాలుగో వంతే. మాన్యువల్ అంకె కొత్త చైన్‌తో, కంపెనీ ల్యాబ్‌లో తీసినదని కూడా మర్చిపోకు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పెట్రోల్ మెషిన్‌కి ట్యాంకు నింపాలి, ఇంజన్ వేడెక్కితే ఆగాలి. మనిషి ఆ వంకన కాసేపు కూర్చునేవాడు. బ్యాటరీ మార్చడానికి నిమిషం చాలు. నాలుగు బ్యాటరీలు ఛార్జ్ చేసి పెట్టారంటే మధ్యాహ్నం దాకా ఆగకుండా కోస్తారు. జపాన్‌లో అడవి పనివాళ్లకి వేళ్లు తెల్లబడే జబ్బు పెద్దయెత్తున వచ్చాక రంపం పట్టేది రోజుకి రెండు గంటలే అని కట్టడి పెట్టారు. మీరూ ముగ్గురున్నారు కాబట్టి రంపం చేతులు మార్చుకోండి.

చలిలో వేళ్లు తెల్లబడి, తర్వాత ఎర్రబడి మంట పుట్టడం వైబ్రేషన్ జబ్బుకి బాగా తెలిసిన గుర్తు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి రంగు మామూలైపోతుంది, అందుకే ఈసారి తెల్లబడినప్పుడు ఫోన్‌లో ఫొటో తీయించు. రాత్రి తిమ్మిరి మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం వల్ల కూడా రావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. నరాల టెస్టు చేస్తే తేలుతుంది. ఏ పని చేస్తాడో, ఎన్నేళ్లుగా చేస్తున్నాడో డాక్టర్‌కి నువ్వే చెప్పు, ఆయన చెప్పడు. బీడీ తాగితే మానిపించు, అది వేళ్లలో రక్తనాళాల్ని ఇంకా బిగిస్తుంది. బండి హ్యాండిల్ కూడా వైబ్రేషనే, పైగా చలిగాలి. ఉన్ని గ్లౌజులు వేసుకుని వెళ్లమను. యాంటీ వైబ్రేషన్ గ్లౌజులని ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని నమ్ముకుని గంటలు మాత్రం పెంచొద్దు.

ఎస్‌జేపీ_రోడ్డు_మెకానిక్

సార్ లెక్కలన్నీ కరెక్టే. నేను రంపాలు రిపేరు చేస్తా, నా వైపు నుంచి ఒక్కటే మాట: చైన్ చూడు. మెషిన్ కింద పడే పొట్టు పిండిలా ఉంటే చైన్ మొద్దుబారినట్టే, పొరలుపొరలుగా రావాలి. మొద్దు చైన్‌ని మనిషి బలంగా అదుముతాడు, పట్టు బిగుస్తుంది, అదురంతా మోచేతి దాకా ఎక్కుతుంది, పైగా అదే కొమ్మకి టైము రెండింతలు. మీ బ్యాటరీ రంపానికి 3/8 అంగుళం “లో-ప్రొఫైల్” (ఎత్తు తక్కువ రకం) చైన్ అయితే 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. ప్రతి పంటినీ ఒకేలా, ఒకేసారి నాలుగైదు రుద్దులు. ఒక పక్క పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది, ఇంకా అదురుతుంది. చైన్ వదులుగా ఉన్నా అంతే.

నా దగ్గరికి వచ్చే బ్యాటరీ మెషిన్లలో సగానికి సగం మెషిన్ బాగానే ఉంటుంది, చైన్ మీద మాత్రం ఆకురాయి పెట్టిన గుర్తే ఉండదు. పెట్రోల్ మెషిన్‌ని బిడ్డలా చూసుకునేవాళ్లు దీన్ని మిక్సీలా వాడేస్తున్నారు.

ఆవడి_అన్న, చెన్నై

2016 డిసెంబర్‌లో వార్ధా తుపానప్పుడు పడిపోయిన చెట్లు కోసినవాణ్ణి. అప్పుడన్నీ పెట్రోల్ మెషిన్లే. మా చెన్నై ఉక్కలో మఫ్ గంట కూడా పెట్టుకోలేం, చెమటకి జారిపోతుంది. తీగ ఉన్న ఇయర్ ప్లగ్‌లు మెడలో వేసుకుంటే కోసేటప్పుడు పెట్టుకోవచ్చు, మాట్లాడేటప్పుడు తీయొచ్చు. కాకపోతే మట్టి చేత్తో చెవిలో పెట్టొద్దు.

బ్యాటరీ మెషిన్‌తో ఇంకో డేంజర్ ఉంది. శబ్దం ఆగిందని కింద కొమ్మలు లాగేవాడు దగ్గరికొచ్చేస్తాడు, ఇంతలో పైవాడు మళ్లీ ట్రిగ్గర్ నొక్కుతాడు. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి.

కదిరి_కుర్రాడు

అందరికీ థాంక్స్. ఇందాక రంపం కింద చూశా, మైదా పిండే. మెకానిక్ అన్న చెప్పిన ఆకురాయి రేపు కొంటా. పీణ్య అన్నా, చెవి టెస్టు ఎక్కడ, ఎప్పుడు చేయిస్తే మంచిది? నాన్న "ఆదివారం పని ముగించుకుని సాయంత్రం వెళ్దాం" అంటున్నాడు.

పీణ్య_సేఫ్టీ

పని చేసిన సాయంత్రం వద్దు. శబ్దంలో ఉండి వచ్చిన చెవి కొన్ని గంటలపాటు మందంగా ఉంటుంది, రిపోర్టు ఉన్నదానికన్నా అన్యాయంగా వస్తుంది. కనీసం 14 గంటలు మోతకి దూరంగా ఉండాలి. ఆదివారం సెలవు పెట్టించి సోమవారం పొద్దున తీసుకెళ్లు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అని అడుగు. గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి 8000 దగ్గర మళ్లీ కాస్త పైకి లేచిందంటే అది మోత చేసిన పనే అనుకోవచ్చు. మైసూరులో వాక్కు, వినికిడి కోసమే పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అందరూ ఐష్ అంటారు, వీలైతే అక్కడికే వెళ్లండి. మిగతా ఇద్దరినీ తీసుకెళ్లు, వాళ్లకిప్పుడు ఏమీ లేకపోయినా సరే. రిపోర్టులు దాచి పెడితే వచ్చే ఏడాది పోల్చి చూడొచ్చు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం మన చట్టంలో పరిహారమిచ్చే వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, అక్కడా ఆ కాగితాలే అడుగుతారు.