పక్క పోర్షన్ మాటలన్నీ వినిపిస్తున్నాయి, ఏం చేయాలి?

మాది బెంగళూరు, మారతహళ్లి. ఓనరు పాత ఇండిపెండెంట్ ఇంటిని మూడు పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు, మధ్యలో నాలుగంగుళాల ఇటుక గోడ. పక్కవాళ్ల కుక్కర్ విజిల్ పోనీ అనుకోవచ్చు, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో మాట్లాడే ప్రతి మాటా వినిపిస్తోంది, పాప ఉలిక్కిపడి లేస్తోంది. ఫోమ్ షీట్లు అతికిస్తే తగ్గుతుందా?

జవాబు: ఫోమ్ మీద డబ్బులు పెట్టకండి. అది మీ గదిలో శబ్దం మార్మోగడం తగ్గిస్తుంది గానీ గోడ దాటి వచ్చే శబ్దాన్ని ఆపదు. దాన్ని ఆపాలంటే బరువైన అడ్డు కావాలి, గాలి సందులు మూసుకోవాలి. ఆ గోడను తాకకుండా కాస్త ఎడంగా మెటల్ ఫ్రేమ్ నిలబెట్టి, లోపల రాక్‌వూల్ (రాతి పీచు) నింపి, పైన 12.5 ఎం.ఎం. జిప్సమ్ బోర్డు రెండు పొరలు వేయించండి. గదిలో నాలుగంగుళాలు పోతాయి, అది తప్పదు. ఓనర్ని ముందే అడగండి.

జవాబు: అంతకన్నా ముందు స్విచ్ బోర్డులు చూడండి అక్కా. మా ఇంట్లో రెండు వైపులా బాక్సులు ఒకేచోట పెట్టారు, మధ్యలో ఇటుకే లేదు! ప్లేటు విప్పితే అవతలి లైటు కనిపించింది. ఒక బాక్సు పక్కకి జరిపించి, ఆ కన్నం సిమెంటుతో పూడ్పించాక మాటలు అర్థం కావడం ఆగింది.

ప్రశ్న అడిగినవారు: చూశాను, స్విచ్ బోర్డు కాదు, ఫాల్స్ సీలింగ్ పైన గోడ స్లాబు దాకా కట్టనేలేదు, జానెడు సందుంది. రేపే మేస్త్రీని పిలుస్తున్నాను.