సమస్య: మధువు కుందేలు గుడువఁగ మత్తు శశికి

నిర్వాహకుడు:
వెన్నెల, చకోరాలు ఇక చాలు. ఈసారి పూరణ మెక్సికో ప్రాచీనులైన అజ్టెక్‌ల కల్లుదేవతల మీదనే సాగాలి. కిత్తనార ఊటను పులియబెట్టి తీసే పుల్కేకు వారు నాలుగు వందల కుందేళ్ళను అధిదేవతలుగా కొలిచారు. వారిది ఇరవైల లెక్క గనుక, నాలుగు వందలంటే 'లెక్కలేనన్ని' అనే అర్థమూ ఉంది.

వృద్ధవిద్యార్థి:
వేల్పు లలిగి కుందేలును విసరి రనఁగ
చంద్రు మొగమునఁ బడి యది చక్క నిలిచెఁ
గిత్తనారపు రసమది కేలఁ బట్టి
మధువు కుందేలు గుడువఁగ మత్తు శశికి.

గట్టుమీది గొంతు:
చంద్రుని వెలుగు తగ్గించడానికి దేవతలు కుందేలుతో ముఖాన కొట్టిన గాథను ఎత్తుకోవడం బాగుంది. కాని 'అనఁగ' ద్రుతాంతం (చివర నకారం గల పదం) కదా, దాని మీద చకారం జకారమై 'జంద్రు' కావాలి. 'యది', 'రసమది' పాదం నింపడానికే వచ్చాయి. 'కిత్తనారపుఁ గల్లును' అంటే ఒకటైనా తప్పేది. కిందటిసారి మీరు అజ్టెక్‌ల పూలదేవుడు షోచిపిల్లిని మన్మథుడని సరిపెట్టినప్పుడూ ఇలాగే మొరపెట్టుకున్నాను: మెక్సికోలోని త్లాల్మనాల్కోలో దొరికిన అతని విగ్రహానికి చెరకువిల్లు లేదు, ఒంటి నిండా పువ్వులతో ముఖం పైకెత్తి కూర్చున్నాడు.

వృద్ధవిద్యార్థి:
'జంద్రు' ఒప్పుకున్నాను. తప్పులు పట్టేవారు తమ పద్యమూ పెడితే చదువుకుంటాం.

గట్టుమీది గొంతు:
నాల్గు గిన్నెలు మర్యాద నరుల కనఁగ
నైదవది ముట్ట దైవమై యాడు మనిషి
యెవని కుందేలు వానిదే యిలను; గనుక
మధువు కుందేలు గుడువఁగ మత్తు శశికి.

వృద్ధవిద్యార్థి:
నై–యా యతి ఎలా కుదిరింది?

గట్టుమీది గొంతు:
ఐదులోని ఐకారానికి వేశాను, నకారం ద్రుతానిది.

వృద్ధవిద్యార్థి:
సరే, యతి కుదిరినా కథ కుదరలేదు. అజ్టెక్ గాథలో ఐదో గిన్నె తాగిన హువాస్తెకులనే జాతి దొర దైవమై ఆడలేదు. గోచీ విసిరేసి, తరువాత సిగ్గుతో తన జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మకుయిల్‌తోచ్‌త్లి, అంటే 'ఐదు-కుందేలు', అతి చేసినవారిని దండించే అహుయాతెతెయో అనే దేవతలలో ఒకడు. మీ పద్యంలో ఆ దండన ఏది?

నిర్వాహకుడు:
ఆక్షేపణ న్యాయమే, రెండో పాదం తిరగరాయవలసిందే. అయినా మూడో పాదాన్ని నేను వదులుకోలేను. తాగి ఒకడు పాడినా, ఒకడు ఏడ్చినా, ఒకడు కలబడినా, అది వాడి కుందేలు తీరు అనుకునేవారని 16వ శతాబ్దంలో స్పానిష్ క్రైస్తవ సన్యాసి సహగూన్ రాయించాడు. శశి అంటేనే కుందేలు గలవాడు గనుక, దాని కైపు అతనికి ఎక్కక తప్పదు. వృద్ధవిద్యార్థి గారూ, సవరించిన పద్యం మళ్ళీ పెట్టండి, ఈసారి 'అది' లేకుండా.