రంగు నేర్పిన చూపు కూడా అర్హతేనా?

కొత్త ఓటరు:
అమెరికా పౌరసత్వం వచ్చాక ఇదే నా మొదటి ఓటు. బ్యాలెట్ ఇంటికి వచ్చిన రోజే మా బావగారితో తగువు మొదలైంది, అదీ 2008 అధ్యక్ష ఎన్నికల గురించి. ఒకవైపు 1983 నుంచి కాంగ్రెసులో, అంటే అమెరికా చట్టసభలో, ఉన్న రిపబ్లికన్ మెకైన్, మరోవైపు సెనేట్‌లో నాలుగేళ్లు కూడా నిండని ఒబామా. జనం అనుభవాన్ని పక్కకు నెట్టి రంగు చూసి మురిసిపోయారని ఆయన వాదన. రంగు వల్ల వచ్చే చూపు కూడా ఒక అర్హతేనని నాది. మీరేమంటారు?

గోదావరి గట్టు:
అనుభవమే కొలత అయితే జేమ్స్ బుకానన్‌ను మించినవారు అరుదు. ప్రతినిధుల సభ, సెనేట్, రష్యాలోనూ బ్రిటన్‌లోనూ రాయబారం, విదేశాంగ శాఖ అన్నీ చూసి 1857లో అధ్యక్షుడయ్యాడు. దిగిపోయేనాటికి ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయామని ప్రకటించాయి. ఆ తర్వాత వచ్చిన లింకన్ కాంగ్రెసులో గడిపింది రెండేళ్లు. ఇక అలాస్కా గవర్నరుగా రెండేళ్లు నిండని శారా పేలిన్‌ను ఉపాధ్యక్ష పదవికి ఎంచుకున్నాక మెకైన్ పక్షం అనుభవం మాట ఏ నోటితో ఎత్తగలదు?

ముక్కుసూటి:
పేలిన్‌ను చూపించి మెకైన్‌ను కొట్టిపారేయకండి. 1967లో వియత్నాం యుద్ధంలో హనోయ్ మీద విమానం కూలి బందీ అయిన మనిషి. తండ్రి పెద్ద నౌకాదళాధికారి కనుక ముందుగా వదిలేస్తామన్నారు. తనకంటే ముందు పట్టుబడినవాళ్లు ఇంకా లోపలే ఉన్నారని చెప్పి 1973 దాకా చెరలోనే ఉన్నాడు. 2008 అక్టోబరులో మిన్నెసోటాలోని లేక్‌విల్ సభలో ఒకావిడ ఒబామాను నమ్మలేనని, అతను అరబ్బు అని అంటే, మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, కుటుంబం ఉన్న పౌరుడు, నాకు ఆయనతో అభిప్రాయ భేదాలు మాత్రమే ఉన్నాయన్నాడు. సొంత జనం ముందు ఆ మాట అనడానికి గుండె కావాలి. నాకు ఆ ఒక్క నిమిషం చాలు.

గోదావరి గట్టు:
గుండె ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ జవాబును మళ్లీ ఒకసారి చదవండి. అరబ్బు కాదు, మర్యాదస్తుడు! అరబ్బు మర్యాదస్తుడు కాలేడా? ఆయన ఉద్దేశం అది కాదని నాకూ తెలుసు. అయినా అందులో ఒక చిల్లు ఉండిపోయింది. కొద్దిరోజులకే, అక్టోబరు 19న, ఒబామా ముస్లిం అన్న పుకారుకు కాలిన్ పావెల్ జవాబిచ్చాడు. కాదు, క్రైస్తవుడు అంటూనే, ముస్లిం అయితే మాత్రం తప్పేమిటని ఎదురు ప్రశ్న వేశాడు. ఆయన రిపబ్లికన్, సైనిక దళాధిపతుల మండలికి అధ్యక్షుడిగా చేసినవాడు, జమైకా నుంచి వలస వచ్చిన నల్లజాతి దంపతుల కొడుకు. ఆ చిల్లు కొందరికి వెంటనే కనబడుతుంది. రంగు వల్ల వచ్చే చూపు అంటే నాకు అర్థమయ్యేది ఇదే. ఒబామా అదే ఏడాది జాతి సమస్య మీద ఫిలడెల్ఫియాలో చేసిన ప్రసంగంలో, రోడ్డు మీద నల్లవాళ్లు ఎదురైతే భయపడ్డానని చెప్పుకున్న తన తెల్ల అమ్మమ్మను విడిచిపెట్టలేనన్నప్పుడు కూడా అదే చూపు. రెండు వైపుల నుంచీ ఇంటిని చూసినవాడి మాట అది.

ముక్కుసూటి:
అయితే క్లారెన్స్ థామస్ సంగతేమిటి? సుప్రీంకోర్టులో తర్‌గుడ్ మార్షల్ ఖాళీ చేసిన న్యాయమూర్తి కుర్చీలోనే 1991లో కూర్చున్నాడు. ఇద్దరూ నల్లవాళ్లే, తీర్పులు ఉత్తర దక్షిణాలు. రంగుకు చూపు జతగా వస్తుందని ఎలా నమ్మమంటారు?

గోదావరి గట్టు:
రాదు. అందుకే చర్మం చూడమనలేదు, దాని వల్ల పడ్డ అనుభవంతో ఆ మనిషి ఏం చేశాడో చూడమన్నాను. థామస్‌నూ అలాగే తూచండి. బావగారికి మాత్రం ఒక లెక్క చెప్పండి: 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా పార్టీవాడే అయిన తెల్లజాతి అల్ గోర్‌కు నల్లజాతి ఓటర్లలో దాదాపు 90 శాతం వేశారు. అది రంగు చూసి వేసిన ఓటు కాదుగా. ఇక రంగు చూసి మురిసిపోవడం మన తెలుగువాళ్లకేమీ కొత్త కాదు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరైనప్పుడు మా బృందంలో అందరూ మన అమ్మాయి అని సంబరపడ్డారు. అంతకుముందు ఆమె రవాణా ఇంజనీరుగా, శాసనసభ్యురాలిగా ఏం చేశారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కొత్త ఓటరు:
గోర్ లెక్క చెప్పాను. బావగారు కాసేపు ఊరుకుని, బ్యాలెట్ రెండో పేజీ తిప్పి చూపించారు. పాఠశాల బోర్డుకు ఏడుగురు నిలబడ్డారు. ఒక్కరి పేరూ మేమిద్దరం విననే లేదు.